కార్డులు: ఒకటి

"కార్డు సరిగ్గా కూర్చుందా?"

"కూర్చోవడానికి అదేమన్నా పెళ్ళికొడుకా మాస్టారూ? పెట్టిన చోటే ఉంది. మీ పెట్టెకే కళ్ళు కనిపించట్లేదు."

ఆ గొంతు విని మూడేళ్ళయింది. "బాగున్నారా" లేదు, "గుర్తున్నానా" లేదు. ఫోనెత్తగానే, "మీరు బిగించిన పెట్టె మొరాయించింది. ఇంట్లో నెట్ లేదు. రెండో కార్డు లేనే లేదంటోంది. ఏం చెయ్యాలో చెప్పండి," అని నేరుగా పనిలోకి దిగిపోయింది.

శనివారం మధ్యాహ్నం. ఆఫీసులో సగంమంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. బయట వాన. ఫోను తెర మీద "కింది ఇల్లు" అన్న పేరు చూసి మాస్టారు లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పోయి గోడను గుద్దింది. చూసినవాళ్ళెవరూ లేరు కాబట్టి పరువు దక్కింది.

నిజానికి అతను ఎవరికీ అఆలు కూడా నేర్పలేదు. ఆఫీసులో కంప్యూటర్లన్నింటినీ ఒకదానితో ఒకటి కలిపి, అవి అలిగినప్పుడు బుజ్జగించే ఉద్యోగం అతనిది. ఐదేళ్ళ కిందట ఆ ఇంటి మేడమీద గదిలో అద్దెకు దిగి, మొదటి వారంలోనే మెట్ల వెంట తీగలు లాగుతుంటే, కింద నిలబడి చూసిన ఆ ఇంటి అమ్మాయి "తీగల మాస్టారు" అని పేరు పెట్టింది. తర్వాత తీగలు పోయి మాస్టారు మిగిలాడు.

ఆమెది పాఠాల వీడియోలకు కింద అక్షరాలు చేర్చే పని. రోజంతా చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరెవరి మాటలో విని టైపు చేస్తుంది. ఒకసారి నెట్‌లోంచి ఏదో దొంగ ప్రోగ్రాం ఇంట్లో చొరబడి ఆమె వారం రోజుల పనిని మింగేసింది. అప్పుడు మాస్టారు ఒక పాత కంప్యూటర్ తెచ్చి, మెట్ల కింద పెట్టి, దాన్ని ఇంటికి కాపలాగా నిలబెట్టాడు. దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకటి బయటి లోకం వైపు, ఒకటి ఇంటి వైపు. ఏది లోపలికి రావాలన్నా దాన్ని దాటే రావాలి. ఫైర్‌వాల్ అనేది దాని అసలు పేరు. ఆ ఇంట్లో మాత్రం అది "పెట్టె".

ఇప్పుడు ఇంటి వైపు కార్డు కనిపించకుండా పోయింది. ఆ సంగతి మాస్టారుకు ముందే తెలుసు. వచ్చిన చిక్కల్లా అదే.

పెట్టె రోజూ పొద్దున ఆరింటికి అతనికి ఒక మెయిల్ పంపుతుంది. బిగించిన రోజున అతనే అలా ఏర్పాటు చేశాడు. మూడంటే మూడు ముక్కలు: నడుస్తున్న రోజులు ఎన్ని, లోపలి వేడి ఎంత, కార్డులు ఎన్ని. ఇంట్లోవాళ్ళు ఏం చూశారు, ఎవరికి ఏం రాశారు లాంటివేమీ ఉండవు. అంత కక్కుర్తి మనిషి కాదు. ఉద్యోగం మారి ఊరు వదిలేటప్పుడు అందులోంచి తన చిరునామా తీసెయ్యాల్సింది. చెయ్యి రాలేదు.

అలా మూడేళ్ళుగా, మొహం కూడా కడుక్కోకుండా, అతను మొదట చూసేది ఆ మూడు ముక్కలే. వేడి కాస్త పెరిగితే, మెట్ల కింద కిటికీ మూసేశారేమో అనుకుంటాడు. కరెంటు పోయి వచ్చిన రోజున లెక్క సున్నా నుంచి మొదలైతే, పాపం ఆమె పని మధ్యలో ఆగిపోయి ఉంటుందని దిగులుపడతాడు. కార్డులు రెండు అని ఉంటే చాలు, ఆ రోజుకి ఆమె బాగున్నట్టే. ఎవరికైనా చెబితే నవ్విపోతారు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

బుధవారం మెయిల్‌లో "కార్డులు: ఒకటి" అని వచ్చింది. గురువారం మళ్ళీ రెండు. అమ్మయ్య అనుకున్నాడు. శుక్రవారం ఒకటి. ఇవాళ కూడా ఒకటే. బయటి కార్డు బాగానే ఉంది కాబట్టి పెట్టె తన గోడు అతనికి చెప్పుకుంటూనే ఉంది. ఇంట్లోవాళ్ళకే నెట్ లేదు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు, పెట్టేశాడు. ఏ మొహం పెట్టుకుని చేస్తాడు? వచ్చేసే రోజున గేటు దగ్గర, "పెట్టెకి ఏమైనా అయితే ఫోన్ చెయ్యండి," అన్నాడు. ఆమె మొహం తిప్పుకుని, "పని చేస్తోంది కదా. ఇంక మీతో పనేముంది?" అంది. ఆ ముక్క అతని గుండెల్లో ముల్లులా దిగింది.

"మాస్టారూ, ఉన్నారా?"

"ఉన్నానండీ. ముందు పవర్ తీసెయ్యండి."

"తీశాను."

"పక్క మూతకి రెండు స్క్రూలుంటాయి..."

"అవి తీసి చాలాసేపయింది."

"కార్డు బయటికి లాగి, అంచు మీద బంగారు రంగు గీతలుంటాయి చూడండి, వాటిని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడవండి. మళ్ళీ పెట్టి, టక్కుమని చప్పుడయ్యేదాకా నొక్కండి."

ఫోనులో ఆమె ఊపిరి వినిపించింది. గాజులు పెట్టె రేకుకు తగిలిన చప్పుడు వినిపించింది. ఆ వెనక వాన. మేడమెట్ల మీద పడే వాన చప్పుడు అతనికి బాగా తెలుసు. రెండేళ్ళు ఆ మెట్ల మీదే కూర్చుని, కింద ఆమె పని చేసుకుంటుంటే, అక్కర్లేని తీగలకు కొనలు కత్తిరించేవాడు.

"టక్కుమంది. ఆన్ చేశాను," అంది.

"కార్డు వెనక ఆకుపచ్చ లైటు వెలిగిందా?"

"లేదు."

"పక్క స్లాటులో పెట్టి చూడండి."

"చూశాను. అక్కడా అంతే. మీరు చెప్పబోయేవన్నీ చూసేశాను మాస్టారూ. బుధవారం నుంచి ఇదే పని. సోమవారం కంపెనీ వాళ్ళొచ్చి కొత్త పెట్టె పెడతామన్నారు. ఇది పాత సామాన్లవాడికి వేసేస్తాను. ఆఖరిసారి మిమ్మల్ని అడుగుదామని చేశాను."

సోమవారం కొత్త పెట్టె వస్తే మంగళవారం పొద్దున మెయిల్ రాదు. ఎప్పటికీ రాదు. ఆమె బాగుందో లేదో తెలిసే ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది. ఈ కార్డును ఇప్పుడు కనిపించేలా చెయ్యాలి. చెయ్యకపోతే అంతే.

"ఈమధ్య లోపల కొత్తగా ఏమైనా పెట్టారా?"

"చిన్న డిస్కు పెట్టాను. బొటనవేలంత ఉంటుంది. పాత డిస్కు గుర్రుమంటోందని, వీడియోలు చూసి నేనే బిగించాను. సెట్టింగులన్నీ అందులోకి ఎక్కించాను. తప్పా?"

"ఎప్పుడు?"

"మంగళవారం సాయంత్రం."

దొరికింది. పెట్టె లోపలి బోర్డు సంగతి అతనికి తెలుసు. ఆ చిన్న డిస్కు పెట్టే చోటుకీ, కార్డు స్లాట్లకీ లోపల దారి ఒకటే. అందులో ఒకటి వచ్చి కూర్చుంటే రెండోదానికి చోటుండదు. బయటి కార్డు బోర్డులోనే కలిసి ఉంది కాబట్టి దానికి ఆ బాధ లేదు. కార్డు చెడిపోలేదు, ఊరికే దాక్కుంది. డిస్కు తీసేస్తే రెండు నిమిషాల్లో బయటికొస్తుంది. రెండు నిమిషాల్లో "థాంక్సండీ" అని ఆమె ఫోను పెట్టేస్తుంది.

ఆ రెండు నిమిషాలను ఇంకాస్త సాగదీద్దామన్న ఆశ కలిగింది. కాదనడం అబద్ధం. కానీ డిస్కు ఒక్కటే కారణమంటే లెక్క సరిపోవట్లేదన్న అనుమానం కూడా వచ్చింది. లెక్క కుదరకపోతే ఊరుకోలేకపోవడం అతనికున్న జబ్బు. ఆ జబ్బే కొంప ముంచింది.

"అలా అయితే మధ్యలో గురువారం పొద్దున ఎలా వచ్చిందండీ కార్డు? డిస్కు లోపలే ఉంటే రాకూడదే?"

వాన ఒక్కటే వినిపించింది.

"ఇలాంటి చోట నేనైతే కింద 'నిశ్శబ్దం' అని టైపు చేస్తాను," అంది ఆమె చివరికి. "గురువారం వచ్చిందని నేను మీకు చెప్పలేదు మాస్టారూ. మీకెలా తెలిసింది?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. మాస్టారు పరిస్థితి దొంగకు తేలు కుట్టినట్టయింది. ఆ తర్వాత, ఎలాగూ మునిగాక చలేమిటనుకున్నాడు.

"రోజూ పొద్దున పెట్టె నాకు మెయిల్ పంపుతుందండీ. అందులో మూడు ముక్కలే ఉంటాయి, వేరే ఏమీ ఉండవు, ఒట్టు. వచ్చేసేటప్పుడు తీసెయ్యాల్సింది. తియ్యలేదు. అది బాగుంటే మీరు బాగున్నట్టు అనుకుని బతికేస్తున్నాను. తప్పే. తిట్టండి."

ఆమె తిట్టలేదు. అప్పుడు వెలిగింది మాస్టారు బుర్రలో.

"ఆగండి. గురువారం నిజంగానే వచ్చిందన్నమాట. అంటే బుధవారమే మీరు డిస్కు తీసేశారు. జబ్బేమిటో మీకప్పుడే తెలిసిపోయింది. మరి మళ్ళీ ఎందుకు పెట్టారు?"

"ఎందుకంటే..." ఆమె గొంతు ఒక్కసారి పెరిగింది. "ఎందుకంటే సెట్టింగులు ఎక్కించేటప్పుడు ఒక పేజీలో మీ చిరునామా కనిపించింది! రోజూ ఆరింటికి ఈయనకి కబురు వెళ్తోందా అనుకున్నాను. ఇన్నాళ్ళూ చూస్తున్నాడా, చూడకుండా పారేస్తున్నాడా అనుకున్నాను. చూస్తుంటే కార్డు పోయిందని తెలిసి ఫోన్ చేస్తారుగా? అందుకని గురువారం సాయంత్రం మళ్ళీ పెట్టాను. శుక్రవారమంతా ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. ఇవాళ పొద్దున కూడా కూర్చున్నాను. మీరు చెయ్యలేదు."

"మీరేగా 'ఇంక మీతో పనేముంది' అన్నారు!"

"ఎందుకన్నానో అడిగారా? దానికి నిమిషం ముందు మీరు మా అమ్మతో ఏమన్నారు?"

"ఏమన్నాను? వెళ్ళొస్తానని చెప్పాను."

"ఎలా చెప్పారు?"

"'వెళ్ళొస్తాను పిన్నిగా...'" మాట సగంలోనే ఆగిపోయింది.

"ఆఁ! పిన్నిగారు! రెండేళ్ళపాటు 'ఏవండీ', 'ఇదిగోనండీ' అంటూ ఏ వరసా కలపకుండా నెట్టుకొచ్చారు. నేను అది కూడా లెక్కపెట్టుకుంటూ ఉన్నాను, ఎప్పుడో ఒకప్పుడు కలుపుతారు కదా అని. సామాను రిక్షా ఎక్కాక, ఆఖరి నిమిషంలో కలిపారు. పిన్నిగారూ అని! ఆవిడ మీకు పిన్ని అయితే నేను మీకేమవుతాను మాస్టారూ?"

మాస్టారు నుదురు కొట్టుకున్నాడు.

"పక్కన మీ మావయ్య నిలబడి నన్నే చూస్తున్నాడండీ, ఇంత మీసం పెట్టుకుని! భయమేసి ఏదో ఒకటి నోటికొచ్చింది. దేవుడి సాక్షిగా నా మనసులో ఆ వరస లేదు."

"ఇన్ని వరసలుండగా మీకదే దొరికిందా?" ఇప్పుడా గొంతులో కోపం లేదు. దాని అడుగున ఉన్నదేదో బయటపడింది. "మూడేళ్ళండీ. ఎదురుగా ఉన్నప్పుడు చెప్పలేదు, వెళ్ళిపోయాక రాయలేదు. మేడమీద గది చిమ్మిన ప్రతిసారీ తిట్టుకున్నాను మిమ్మల్ని. వేరేవాళ్ళకి అద్దెకిస్తానంటే అమ్మతో పోట్లాడి ఆపాను. కంపెనీ లేదు, సోమవారం లేదు, అన్నీ నేనల్లినవే. నాకు మీ గొంతు వినాలనిపించింది. అంతే."

మాస్టారు ఏదో చెప్పబోయాడు. ఇంతలో ఫోనులో దూరంగా ఇంకో గొంతు వినిపించింది.

"ఎవరే ఫోన్లో, ఇంతసేపటి నుంచీ వాదించుకుంటున్నారు?"

"పెట్టె మాస్టారమ్మా."

"ఆ అబ్బాయా? ఇలా ఇవ్వు."

"మాస్టారూ," ఆమె హడావిడిగా గుసగుసలాడింది. "అమ్మకి ఇస్తున్నాను. ఈసారి చూసి మాట్లాడండి."

ఫోను చేతులు మారిన చప్పుడైంది. మాస్టారు లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. అవతలివాళ్ళకు కనిపించదని తెలిసినా సర్దుకున్నాడు. ఇంతకాలం ఆమె ఎదురుచూసినది ఒక్క మాట కోసమే. ఈసారి అతని పక్కన మీసాలేవీ లేవు. సాకు చెప్పుకోవడానికి కూడా ఏదీ లేదు.

"బాగున్నావా నాయనా?" అంది ఆమె తల్లి.

"బాగున్నానండీ... బాగున్నాను." గొంతు సవరించుకున్నాడు. "మీరెలా ఉన్నారు, అత్తయ్యగారూ?"

అటువైపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఒకటి, రెండు, మూడు. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు.

"వానలో సరిగ్గా వినపడలేదు బాబూ. మళ్ళీ అను."

"అత్తయ్యగారూ!" ఆఫీసులో మూల బల్ల దగ్గర లెక్కలు రాసుకుంటున్న పెద్దాయన ఉలిక్కిపడి కళ్ళజోడు పైకెత్తి చూశాడు. మాస్టారు పట్టించుకోలేదు.

"ఇప్పుడు వినపడింది," అందావిడ తాపీగా. "ఈ ఒక్క ముక్కకి మూడేళ్ళు పట్టిందా నాయనా నీకు? వచ్చిన ప్రతి సంబంధానికీ ఇది వంక పెట్టింది. ఒకడికి మాట ఎక్కువంది, ఇంకొకడికి నవ్వు తక్కువంది. నీకేమో ఆ మాటే రాదు! సరే, రేపు ఆదివారమేగా, పొద్దున్నే బయల్దేరి రా. ఆ తర్వాత మీ అమ్మానాన్నల్ని తీసుకొద్దువుగాని. మా తమ్ముడికి నేను చెప్పుకుంటాను. ఆ మీసాలకి నువ్వేం భయపడకు, అవన్నీ ఉత్తుత్తివే."

"అలాగేనండీ... అలాగే అత్తయ్యగారూ."

ఫోను మళ్ళీ చేతులు మారింది. ఆమె ముక్కు ఎగపీల్చడం వినిపించింది. అతనికీ అదే పని పడింది.

"పొద్దున మొదటి బండికే వస్తాను," అన్నాడు చివరికి. "కార్డుకీ డిస్కుకీ ఇబ్బంది లేని వేరే బోర్డు నా దగ్గరుంది, తెస్తాను. స్క్రూడ్రైవర్లు కూడా..."

"వద్దు మాస్టారూ."

"మరి ఏం తెమ్మంటారు?"

"ఏమీ తేవద్దు," అంది. "ఊరికే రండి."