గుడ్డిబావి కాడ నిలబడినవాడు

ఆ గుడ్డిబావి దగ్గరికి చీకటిపడితే ఎవరూ పోరు. పోవద్దని బోర్డు లేదు, కంచె లేదు... అయినా పోరు.

తమాషా ఏమిటంటే ఆ బావి నేల మీద లేదు. 'మన మంద' అనే ఫోన్ ఆటలో ఉంది. ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడి మిద్దె మీద కూర్చుని చదువైపోయిన నలుగురైదుగురు పిల్లలు ఆ ఆటను నడుపుతారు. ఆడేవాళ్ళు అందులో గొర్రెలు మేపుకుంటారు. వీళ్ళు వాళ్ళకోసం కొత్త బీళ్ళు, కొత్త పండగలు పెడుతూనే ఉండాలి. పెట్టడం ఆపితే జనం పోతారు. ఆ పనికి ఆదివారం లేదు, అమావాస్య లేదు.

ఆ గొర్రెల బొమ్మలు గీసినవాడు యువరాజ్. తాడిమర్రి పిల్లోడు, బంగారంలాంటి చెయ్యి. చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే మీద బండి పడి చనిపోయాడు. చేతిలో ఫోను కూడా నుజ్జునుజ్జయింది.

కొన్నాళ్ళకు, వాడు తనకోసం గీసుకున్న బొమ్మ ఆటలోకి వచ్చింది.

వచ్చి గుడ్డిబావి పక్కన నిలబడింది. భుజాన కర్ర, చుట్టూ వాడి మంద. పొద్దుగూకితే వస్తుంది... తెల్లారితే పోతుంది. "ఎవరు నువ్వు?" అని రాసి పంపారు. జవాబు లేదు. ఆట నడిపేవాళ్ళలో శ్రీకాంత్ ఒకసారి మొండి ధైర్యం చేసి దాన్ని బయటికి నెట్టేశాడు. ఆ రాత్రే ఆట మొత్తం కూలిపడింది. మళ్ళీ లేపేసరికి అందరికీ తాతలు దిగొచ్చారు. కాకతాళీయమే కావచ్చు. కానీ ఆ తర్వాత దాన్ని ముట్టుకున్నవాడు లేడు.

ఒకరోజు రాత్రి డ్యూటీ వాళ్ళలో పవిత్రది. ఒక్కతే.

"ఆ బాయికాడికి మటుకు పోవాకు పవిత్రా," అని నవ్వుతూ మెట్లు దిగాడు శ్రీకాంత్. అతని వెనకే అంగడి యజమాని లక్ష్మీకాంత్ షట్టర్ దించి బయటినుంచి తాళం వేసుకుని పోయాడు. పట్టు ఉండే చోటు కదా, రోజూ అంతే. మిద్దె మీదున్నవాళ్ళు తెల్లారేదాకా మిద్దె మీదే.

పొద్దున్నే కొత్త పండగ మొదలవ్వాలి. ఈసారి ఆలస్యమైతే ఆట మూసేస్తామని డబ్బు పెట్టే బెంగళూరు వాళ్ళు మొహం మీదే చెప్పేశారు. మూస్తే అందరి బతుకులూ రోడ్డు మీదే.

పద్ధతి మామూలే. ముందు గేటు మూయాలి, అప్పుడు కొత్తవాళ్ళు లోపలికి రాలేరు. లోపలున్నవాళ్ళు తమంతట తాము వెళ్ళిపోతారు. అందరూ పోయాకే కొత్త మార్పు ఆటలోకి ఎక్కుతుంది. లోపల ఒక్కరున్నా ఎక్కదు.

పవిత్ర గేటు మూసింది. లోపలున్నవాళ్ళ లెక్క తగ్గుతూ వచ్చింది... తగ్గుతూ... తగ్గుతూ...

ఒకటి దగ్గర ఆగిపోయింది.

ఎవరో ఆమెకు తెలుసు. చూడకుండానే తెలుసు.

శ్రీకాంత్‌కు ఫోన్ చేసింది — స్విచాఫ్. కిందికి పరుగెత్తి షట్టర్ కొట్టింది. వీధిలో కుక్క మొరిగింది తప్ప పలికిన మనిషి లేడు. వాణ్ణి నెట్టేస్తే ఆట కూలుతుందేమో. ఉండనిస్తే పండగ ఎక్కదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. పవిత్రకు ఏడుపొచ్చింది.

చివరికి, నడిపేవాళ్ళకు గేటు అడ్డం కాదు గనుక, తనే ఆటలోకి వెళ్ళింది. ఎవరూ లేని బీళ్ళు... ఖాళీ దారులు... దూరంగా బావి. వాడు నిలబడే ఉన్నాడు. ఆమె దగ్గరికి రాగానే మెల్లగా ఇటు తిరిగాడు.

ఇన్నాళ్ళూ ఆ బావి దగ్గర భయంతో ఎవరూ శబ్దం పెట్టుకుని వినలేదు, మైకు తెరవలేదు. రాసి చూడడమే. ఆమె రెండూ తెరిచింది.

"యువరాజ్... నువ్వేనా? నన్ను ఇడ్సిపెట్టబ్బా... నీకు దండం పెడతా..."

గొర్రెల మెడలో గంటలు. గాలి. ఆపైన... ఎవరో ఊపిరి తీసిన చప్పుడు.

"ఎవురమ్మా... ఏడుస్తాండావు?"

ముసలి గొంతు. ఆడగొంతు.

పవిత్ర కుర్చీ పట్టుకుని, "నువ్వెవరు?" అంది.

"నేను యల్లక్కను తల్లీ. యువరాజు వాళ్ళ అవ్వను. వాని పాత ఫోను ఇంట్లో ఉండాది. నాకు ఊసుపోవాలని వాడే దాంట్లో వాని బొమ్మతో ఇది పెట్టిచ్చినాడు. ఎవురెవురో ఏందో రాస్తాండారు... నాకు సదువు రాదు."

"రాత్రిపూట ఎందుకవ్వా?"

"పగలు కూలికి పోతా కదా. మందను రాత్రిపూట ఒంటిగా ఇడ్సిపెడతారా యాడన్నా? నక్కలు రావూ? నేను పుట్టినప్పట్నుంచీ మంద కాడనే పండుకున్న్యా."

పవిత్రకు భయమంతా దిగిపోయి, దాని చోట మరేదో వచ్చి కూర్చుంది.

"ఇక్కడ నక్కలు రావవ్వా. నువ్వు పండుకో. గొర్రెలను నేను చూస్తా."

"గొర్రెలు సరే..." అవ్వ గొంతు తగ్గింది. "వాడు నిలబడే ఉండాడు తల్లీ. ఎప్పుడు సూసినా నిలబడే. కాళ్ళు నొయ్యవా? వాడు పండుకుంటే... నేనూ పండుకుందును."

ఆడేవాళ్ళ దగ్గర లేవు గానీ, ఏ బొమ్మనైనా ఎలాగైనా మార్చే మీటలు ఆట నడిపేవాళ్ళ దగ్గర ఉంటాయి. పవిత్ర యువరాజ్‌ను బావి గట్టు పక్కన పడుకోబెట్టింది. తలకింద చెయ్యి పెట్టింది. నల్ల కంబళి ఒకటి వెతికి కప్పింది. అవ్వ ఫోను ఆపినా బొమ్మ మాయం కాకుండా అక్కడే ఉండేలా చేసింది.

"సద్దు సేయొద్దు తల్లీ," అని గుసగుసలాడింది అవ్వ. "ఇప్పుడే కండ్లు మూసినాడు."

అవ్వ ఫోను ఆపింది, పవిత్రా ఆటలోంచి బయటికి వచ్చింది. లెక్క సున్నాకు వచ్చింది.

కిటికీ అవతల తెల్లబారుతోంది. మార్పు ఎక్కించాలంటే ఆటను ఒకసారి ఆర్పి వెలిగించాలి. వెలిగిస్తే బొమ్మలన్నీ లేచి నిలబడతాయి. అది ఎవరూ తప్పించలేరు. పవిత్రకు అది తెలుసు. తెలిసీ నొక్కింది, నొక్కక తప్పదు గనుక.

బీళ్ళు వెలిగాయి. కొత్త పండగ తోరణాలు వచ్చాయి. గేటు అవతల జనం ఎగబడుతున్నారు. పవిత్ర ఇంకా గేటు తీయలేదు. ముందు తను ఒక్కతే బావి దగ్గరికి పరుగెత్తింది. వాడు లేచి నిలబడి ఉన్నాడు... అవ్వ మళ్ళీ వచ్చేలోపు పడుకోబెట్టాలి.