ఏరు ఆపిన దినాలు

చిత్రావతి పొంగి చెరకు గానుగ కొట్టుకుపోయిన తర్వాత మూడో ఏడు అది. ఏటి రెండు పాయల నడుమ చిక్కుకున్న నడిమిపల్లికి వంతెన కట్టారు, చిక్కబళ్ళాపుర నుంచి బస్సు రావడం మొదలైంది. ఊరంతా సంబరపడింది. అక్కయమ్మ ఒక్కతే సంబరపడలేకపోయింది!

ఒక్కగానొక్క కూతురు మునిరత్నమ్మను చిక్కబళ్ళాపురలో బంగాళాదుంపలమ్మే ఉర్లగడ్డల మండీలో పనిచేసే గంగాధరప్పకు ఇచ్చారు. బస్సు లేనప్పుడు పిల్ల పుట్టింటికి వస్తే, తండ్రి బయ్యప్ప తన పుట్టిలో ఏరు దాటించి తెచ్చేవాడు. వానలకు ఏరు నిండిందంటే ఆ పుట్టి కూడా సాగేది కాదు. నీళ్ళు తీసేదాకా పది దినాలో, పక్షమో... తల్లీకూతుళ్ళు ఒకే చాప మీద పడుకుని మాట్లాడుకునేవారు. ఇంకో రెండు దినాలు నీళ్ళు తీయకుంటే బాగుండునని అక్కయమ్మ ఎన్నిసార్లు లోలోపల కోరుకుందో!

ఇప్పుడు పొద్దున దిగిన పిల్ల సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతోంది. బస్సు ఉండగా పుట్టింట్లో రాత్రి ఉండే పనేమిటని అల్లుడి మాట. పోనీ తానే వెళ్ళి ఉందామంటే, కూతురికి కాన్పయ్యేదాకా ఆ ఇంట తల్లి రాత్రి పడుకోకూడదని వాళ్ళ ఆచారం. పెళ్ళయి అయిదేళ్ళయినా మునిరత్నమ్మ కడుపు పండలేదు...

ఆ దినం వచ్చిన పిల్ల చిక్కిపోయి ఉంది. అత్త ఏమందో చెప్పడం మొదలుపెట్టిందో లేదో, వంతెన మీద బస్సు హారన్ వినిపించింది. మాట మింగి, చెంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఈ ఒక్క రాత్రి ఉండు తల్లీ. నీ మాట సగంలోనే ఉండాది."

"ఉంటే దానికీ మాటలు పడాల అమ్మా. పోయొస్తా."

పిల్ల తినకుండా వదిలిన సంగటి ముద్ద ముందు కూర్చుని అక్కయమ్మ కుమిలి కుమిలి ఏడ్చింది.

"ఆ ఏరే మేలు. నా బిడ్డను నాకాడ ఉంచేది."

పుట్టికి పని లేకుండా పోయిన దినం కూడా నోరు విప్పని బయ్యప్ప, తలెత్తి ఆమెను చాలాసేపు చూశాడు.

మరుసటి పొద్దున ఆమె లేచేసరికి అతను స్నానం చేసి, ఆమె చీరలు రెండు సంచిలో పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"యాడికి?"

"పాప కాడికి. పది దినాలుండి రా."

ఆమె బెదిరిపోయి ఆచారం గుర్తు చేసింది.

"ఆచారం పెట్టినోళ్ళ కాలంలో బస్సు లేదు. పద. వాళ్ళతో నేను మాట్లాడతా."

బస్సు రాగానే ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, చిక్కబళ్ళాపురకు రెండు టికెట్లు అడిగాడు.