మంత్రిగారి విస్తరి పక్కన మృత్యువు

"ఎల్లుండి ఆయన ఢిల్లీలో సంతకం పెట్టాలి. రేపు ముక్తేశ్వరంలో ఆయన్ని చంపుతారు. రెండోది జరక్కుండా చూడటం నీ డ్యూటీ," అన్నాడు చీఫ్.

ఏజెంట్ కొండబాబు సిగరెట్ ఆర్పేశాడు. "ఎవరు సార్?"

"సహాయమంత్రి ఇశ్రాయేలు. మీ కోనసీమ మనిషే. వ్యవసాయకూలీ మనవడు, మిషన్ స్కూలు మాస్టారి కొడుకు. ఫారిన్ సర్వీసులో చేరి రాయబారి అయ్యాడు. ఒక దేశంలో పెట్టె విప్పేలోగా ఇంకో దేశానికి ట్రాన్స్‌ఫర్. ఇప్పుడు మంత్రి. సముద్రంలో చమురు కాంట్రాక్టు ఒక విదేశీ ముఠాకి పోకుండా అడ్డం పడ్డాడు. ఆయన పోతే ఫైలు మళ్ళీ మొదటికొస్తుంది."

"కిల్లర్?"

"షీలా. మన జీతం, అవతలివాళ్ళ జీతం తీసుకుంటూ మూడోవాడికి పనిచేసిన డబుల్ ఏజెంట్. జెనీవాలో ముఖం మార్పించుకుంది. అందగత్తె అని తప్ప ఆనవాలు లేదు. టేపులు విని తెలుగు నేర్చింది. నీకంటే శుభ్రంగా మాట్లాడుతుంది."

చీఫ్ ఒక ఉంగరం ఇచ్చాడు. విషం దగ్గరికి తెస్తే రాయి ఎర్రబడుతుందట.

మర్నాడు మధ్యాహ్నం ముక్తేశ్వరంలో మంత్రిగారి అక్క కాంతమ్మ ఇంటి పెరట్లో, తమ్ముడొస్తున్నాడని, పందిరి కింద విస్తళ్ళు వేశారు. అది 1982 వేసవి. పంచె ఎగ్గట్టి, భుజాన తువ్వాలుతో, చేతిలో పులుసు బకెట్టుతో కొండబాబు వడ్డనవాళ్ళలో కలిసిపోయాడు.

గేటు దగ్గర మఫ్టీ కానిస్టేబుల్‌ని అడిగాడు. "పంటు దాటిందా?"

"ఆయ్, పోటు మీదుందండి."

కోడ్ సరిపోయింది. మంత్రిగారు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి క్షేమంగా గోదావరి దాటేశారు.

ఉంగరం మాత్రం చంపుకు తింటోంది. కొత్తావకాయకి ఎర్రబడింది, చేపల పులుసుకి ఎర్రబడింది, చివరికి నిమ్మకాయ ముక్కకి కూడా ఎర్రబడింది. కొండబాబు దాన్ని తీసి బొడ్లో దోపుకున్నాడు. పందిట్లో పట్టుచీర కట్టిన ప్రతి ఆడమనిషీ అందంగానే ఉంది. ఎవర్నని అనుమానించడం? అతనికి కాలు నిలవడం లేదు.

విస్తరి ముందు కూర్చున్న మంత్రిగారికీ స్థిమితం లేదు. మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నారు. ఆయన వెనక శాలువాలు, దండలు, ఎవరో తెచ్చిన పెద్ద ఇత్తడి ఓడ, కానుకలన్నీ కుప్పగా ఉన్నాయి.

కొండబాబు పులుసు పోస్తూ గొణిగాడు. "సార్, లోపలికి పోదాం. ఇక్కడ రిస్కు."

"మా అక్క అన్నం పెడుతుంటే ఎన్నిసార్లు మధ్యలో లేచి విమానాలు ఎక్కానో నాకే తెలీదయ్యా. ఇవాళ మాత్రం లేవను."

ఆ మాటకి కొండబాబు మనసు చివుక్కుమంది. ఈయన్ని ఎలాగైనా బతికించాలి.

అప్పుడొచ్చింది నీలం పట్టుచీర ఆవిడ, నేతి గిన్నె పట్టుకుని.

"నెయ్యి వెయ్యమంటారాండీ?"

"వద్దమ్మా," అన్నారు మంత్రిగారు.

"ఆయ్, అలాగేనండీ." ఆవిడ పక్క విస్తరికి వెళ్ళిపోయింది.

కొండబాబు చేతిలో గరిటె ఆగిపోయింది. వద్దనగానే వెళ్ళిపోయిందా? ఇక్కడి ఆడవాళ్ళయితే ఆయన నోటినుంచి ఆ మాట పూర్తయ్యేలోపే రెండు గరిటెలు వేసేస్తారు. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ మీదే పోస్తారు. టేపుల్లో తెలుగు నేర్పారు కానీ, ఇది నేర్పలేదు!

కాంతమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "నీలం చీరావిడ ఎవరండీ?"

"మా మరిది అత్తారి వైపనుకున్నాను బాబూ. వాళ్ళేమో మా వైపనుకున్నారంట."

షీలాయే. విషం పెట్టినదైతే బతిమాలి తినిపించేది. ఆయన తిన్నా తినకపోయినా ఆమెకి ఒకటే. అంటే చావు భోజనంలో లేదు. మరెక్కడ? ఆమె గిన్నె దించి గేటు వైపు నడుస్తోంది. పిస్తోలు చూపిస్తే నోరు విప్పదు. అలాంటి శిక్షణ తీసుకున్న మనిషి.

"అమ్మగారూ! ఆవిడ భోంచెయ్యకుండా వెళ్ళిపోతున్నారండీ!"

అంతే. కాంతమ్మ ఒక చెయ్యి పట్టుకుంది, కూతురు సత్యవతి రెండో చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికమ్మా, అన్నం వేళకి? తమ్ముడి పక్కనే విస్తరేసేను."

"వద్దండీ, అర్జెంటు పని..."

"అర్జెంట్లు ఎప్పుడూ ఉండేవేనమ్మా. కూర్చో."

కూర్చోబెట్టారు. అన్నం పడింది, పప్పు పడింది. వద్దంటే నెయ్యి పడింది, చాలంటే కూర పడింది. లేవబోతే సత్యవతి భుజం నొక్కింది. షీలా వాచీ చూసింది. ముఖాన చెమటలు పోశాయి. కరెంటు షాకులకి లొంగని మనిషి గిలగిల్లాడిపోయింది.

"ఇంకొక్క ముద్ద పప్పు..."

"వదలండి నన్ను! ఆ ఓడలో బాంబుంది!"

కొండబాబు బకెట్టు వదిలేసి విస్తళ్ళ మీదుగా దూకాడు. ఓడ ఎత్తి పెరటి వెనక కాలవలోకి బలంకొద్దీ విసిరాడు. అది నీళ్ళని తాకీ తాకకముందే పేలింది. గుర్రపుడెక్కా బురదా వచ్చి పందిరి మీద పడ్డాయి. చెవులు గింగుర్లెత్తడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

మంత్రిగారు అక్క ఉందో లేదోనని చూసుకుని ఊపిరి పీల్చుకున్నారు.

"ఎన్నో దేశాల పోలీసుల్ని చూశానయ్యా. ఇంత మర్యాదగా నిజం కక్కించడం ఎక్కడా చూడలేదు."

కొండబాబు బేడీలు తీసి షీలా కుడిచెయ్యి పట్టుకున్నాడు. చీర మీది బురద దులుపుకుంటూ కాంతమ్మ అడ్డం వచ్చింది.

"ఎడం చేతికెయ్యి బాబూ. పిల్ల ఇంకా పెరుగన్నం తినలేదు."