ఉప్పునీటి వాల్వు

"బతామ్‌లో ఇవాళ ఏసీ మెకానిక్ ఎవడూ ఫోన్ ఎత్తడు. నువ్వు తప్ప," అంది బు హర్తినా, కాఫీలో చెంచా తిప్పుతూ.

ఇద్రుస్ నవ్వలేదు. సుమత్రాలో తగలబడుతున్న అడవుల పొగ నోంగ్సా రేవు మీద దుప్పటిలా పరుచుకుంది. పొద్దున్నే ఉక్కపోత. హర్తినా ఇండోనేషియా నిఘా విభాగంలో అతని పై అధికారి, 'బు' అంటే అమ్మగారు. చూసేవాళ్ళకి మాత్రం పెళ్ళి సంబంధం తెచ్చిన పెద్దమ్మలా ఉంటుంది.

"పడవ పేరు సెలెస్టా. ఓనర్ డోర్న్, విదేశీయుడు. విహారానికొచ్చానంటాడు. సింగపూర్ జలసంధిలో లంగరేసి కదలడు. లోపల ఏదో యంత్రం ఉంది. అదేమిటో తెలుసుకురా. దాన్ని పెట్టిన గదిలో ఏసీ మాటిమాటికీ ఆగిపోతోందట, మెకానిక్ కోసం గోల పెడుతున్నాడు."

"లోపల మనవాళ్ళు?"

"ఒకరున్నారు. 'దీనికి దాహం వేస్తోంది' అను. 'ఉప్పునీళ్ళే కావాలంటుంది' అన్న మనిషి మనది."

ఆమె బల్ల మీదుగా వేడి కొలిచే టెంపరేచర్ గన్ ఒకటి తోసింది. మామూలు మెకానిక్ పరికరమే. లోపల మాత్రం ట్రాన్స్‌మిటర్. "మన గస్తీ బోట్లు పక్క దీవి వెనకే ఉంటాయి. నువ్వు పిలిస్తేనే వస్తాయి."

మాసిన నీలం యూనిఫాం, అంటించిన మీసంతో ఇద్రుస్ చిన్న మోటారు పడవలో సెలెస్టా పక్కకి చేరాడు. యోపీ అనే కాపలావాడు చెయ్యందించి పైకి లాగాడు. నడుముకి పిస్తోలు.

"రా, బంగ్. ఇవాళ అది చల్లబడకపోతే బాస్ నిన్ను ఐస్‌పెట్టెలో పెడతాడు."

"మంచిదే. ఈ ఉక్కలో హాయిగా ఉంటుంది."

డెక్ మీద డోర్న్ నిలబడి ఉన్నాడు. అతని చెయ్యి ఒక స్త్రీ భుజం మీద ఉంది. ఎర్ర పట్టు గౌను, నల్ల కళ్ళద్దాలు. ఇద్రుస్ చేతిలో సామాన్ల సంచి ఒక్కసారిగా బరువెక్కింది.

మెలాతి. ఒకప్పుడు అతని భార్య.

ఇద్దరిదీ ఒకటే కొలువు. కూతురు దిలా తంజుంగ్ పినాంగ్‌లో, అమ్మమ్మ దగ్గర, డెంగీ జ్వరంతో పోయింది. ఆ వారం అతనొక దేశంలో ఉన్నాడు, ఆమె ఇంకో దేశంలో ఉంది. పాతిపెట్టే వేళకి ఇద్దరూ రాలేకపోయారు. ఆ తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేక విడిపోయారు. ఆమె ఉద్యోగం మానేసి మళ్ళీ పెళ్ళి చేసుకుందని ఎవరో అంటే నమ్మాడు.

"ఏమిటి దీని రోగం?" అన్నాడు డోర్న్.

ఇద్రుస్ సంచి కింద పెట్టాడు. "చూడాలి, సార్. దీనికి దాహం వేస్తున్నట్టుంది."

మెలాతి కళ్ళద్దాలు తియ్యలేదు. "ఉప్పునీళ్ళే కావాలంటుంది," అంది. తరవాత డోర్న్ వైపు తిరిగి, "ఏ సామాను ఎత్తుకుపోతాడో, నేను చూస్తుంటాలే," అంది.

ఇంజిన్ గదికి ఒక్కటే తలుపు. ఏసీ ఆన్ చేస్తే కాసేపు తిరిగింది, గురకపెట్టింది, ఆగిపోయింది. తెర మీద హై ప్రెషర్ అని ఎర్ర అక్షరాలు. ఇలాంటి ఏసీల్లో సముద్రపు నీళ్ళే వేడిని మోసుకుపోవాలి. నీళ్ళు చాలకపోతే ఒత్తిడి పెరిగి మెషీన్ దానంతటదే ఆగిపోతుంది. ఇద్రుస్ నీళ్ళ గొట్టం జల్లెడ విప్పి, అందులో చిక్కుకున్న జెల్లీచేపల ముక్కలు కడిగాడు. పంపులో గాలి తీసేశాడు. మళ్ళీ ఆగిపోయింది.

"యోపీ, పైకెళ్ళి పక్కనుంచి పడే నీళ్ళు చూడు. ధార ఎలా ఉందో అరిచి చెప్పు."

యోపీ మెట్లెక్కాడు.

"మీసం బాగాలేదు, బంగ్," అంది మెలాతి మెల్లగా. బంగ్ అంటే అన్న; ఆ ఊళ్ళలో మొగుణ్ణీ బంగ్ అనే పిలుస్తారు, దారిన పోయే మెకానిక్‌నీ అలాగే పిలుస్తారు.

"మెలా, ఉప్పునీటి వాల్వు సగం మూసింది నువ్వేనా?"

"రోజూ నేనే. ఆ గోడవతల ఉన్న యంత్రం ఓడలకి దారి తప్పు చూపిస్తుంది, రేడియోల నోరు నొక్కేస్తుంది. ఏసీ లేకపోతే కాసేపటికే కాగి ఆగిపోతుంది. చమురు ఓడని తీసుకొచ్చి సింగపూర్ నుంచి వచ్చే ఫెర్రీ మీదికి తోలాలని చూస్తున్నారు. ఈ పొగలో ఎవరికీ ఏదీ కనపడదు. జలసంధి మూతపడితే లాభపడేవాళ్ళున్నారు."

"సన్నగా ఉంది!" పైనుంచి యోపీ కేక. "చంటాడు ఉచ్చ పోసినట్టు!"

"ఇంకా చూస్తూ ఉండు!" అని అరిచి ఇద్రుస్ ఆమె వైపు తిరిగాడు. "ఎప్పుడు?"

"ఇవాళే. ఫెర్రీ బయల్దేరిపోయింది."

గస్తీ బోట్లని పిలవడానికి టెంపరేచర్ గన్ మీట నొక్కాడు. గరగర తప్ప ఏమీ లేదు. గోడవతల యంత్రం అప్పుడే పని మొదలుపెట్టింది.

"నాతో వచ్చెయ్. వాల్వు ఇప్పుడే విరిచేద్దాం."

"ఏసీ చల్లబడందే నిన్ను కిందికి దింపరు. ఇప్పుడు విరిస్తే ఇద్దర్నీ చంపి, రేపు ఇంకో పడవలో మొదలుపెడతారు. పని మధ్యలో ఆగాలి, బంగ్. అప్పుడే దొరుకుతారు."

ఇద్రుస్ వాల్వు పూర్తిగా తెరిచాడు. స్పానర్ తీసి, దాని పిడిని పట్టి ఉంచే నట్టు వదులు చేశాడు.

"మూసేసి లాగితే పిడి ఊడి వస్తుంది. ఆ తరవాత తెరవడం అంత తేలిక కాదు," అన్నాడు. ఆ మాట తన నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

"దిలా దగ్గరికి వెళ్తున్నావా?" అంది మెలాతి.

"వెళ్తుంటాను. ఎప్పుడు వెళ్ళినా సమాధి మీద గడ్డి పీకేసి ఉంటుంది. అత్తయ్య పని అనుకున్నాను."

"అమ్మ మోకాళ్ళకి ఆ గుట్ట ఎక్కడమా?" మెలాతి నవ్వబోయి ఆగిపోయింది. "నువ్వు వచ్చే రోజుల్లో మాత్రం వెళ్ళేదాన్ని కాదు."

"అబ్బో, ఇప్పుడు ఏనుగు తొండంలా పడుతోంది!" యోపీ మెట్లు దిగుతూ వచ్చాడు. "ఏం బు, బంగ్ ఏమైనా ఎత్తుకుపోయాడా?"

"ఏమీ తీసుకెళ్ళడం లేదు," అంది మెలాతి.

గది చల్లబడింది. డోర్న్ ఇద్రుస్ భుజం తట్టి పంపించాడు.

కాస్త దూరంలో పడవ ఇంజిన్ ఆపి, చెడిపోయినట్టు మూత తెరుచుకు కూర్చున్నాడు ఇద్రుస్. రేడియో గరగరమంటోంది. పొగలోంచి చమురు ఓడ నల్లటి గోడలా బయటపడింది. ఆ పక్కనుంచి ఫెర్రీ మోత. రెండూ ఒకే చోటికి వస్తున్నాయి. ఇద్రుస్ లేచి నిలబడి చొక్కా ఊపాడు, గొంతు చించుకుని అరిచాడు. ఎవరికి వినపడుతుంది?

ఉన్నట్టుండి రేడియో మాట్లాడింది.

"ఫెర్రీ! కుడికి తిప్పు! కుడికి!" ఓడ కెప్టెన్ గొంతు. ఫెర్రీ ఒక్కసారిగా ఒరిగి, చమురు ఓడ ముక్కు కిందనుంచి జారినట్టు తప్పుకుంది. లేచిన అల ఇద్రుస్‌ని పడవలో కూలదోసింది. పడ్డవాడు పడ్డట్టే మీట నొక్కి, "రండి!" అన్నాడు.

అప్పుడే సెలెస్టా లోపల్నుంచి పిస్తోలు పేలింది. ఒక్కసారే.

గస్తీ బోట్లు వచ్చాయి. డోర్న్ చేతులెత్తాడు. యంత్రం ఇంకా పొగలు కక్కుతోంది. ఇద్రుస్ అందర్నీ తోసుకుంటూ కిందికి పరిగెత్తాడు. మెలాతి వాల్వుని వీపుతో కప్పేసి కూర్చుని ఉంది. ఎర్ర గౌను కాబట్టి రక్తం ముందు కనపడలేదు. ఊడిన పిడి ఆమె గుప్పిట్లోనే ఉంది. అతను పక్కన కూలబడి, ఊపిరాగిన ఆమె తల తన భుజం మీదికి తీసుకున్నాడు. చాలాసేపు ఎవరూ లోపలికి రాలేదు.

సాయంత్రం ఫెర్రీ రేవులో హర్తినా అతని పక్కన నిలబడింది. "లోపలున్నది ఆమె అని నీకు చెబితే వెళ్ళేవాడివి కాదు," అంది. "ఇంటికెళ్ళు, ఇద్రుస్."

జలసంధిలో ఆపి ఉంచిన ఆ ఫెర్రీ అప్పుడే వచ్చింది. ప్రయాణికులు సంచులతో, పిల్లలతో, మామూలు గోలతో దిగుతున్నారు. ఒక లావుపాటి పెద్దావిడ, మక్‌చిక్ అని పిలవదగ్గ పిన్నిగారు, అతని యూనిఫాం చూసి ఆగింది.

"ఏమయ్యా బంగ్, ఏసీలు చూసేది నువ్వేనా? ఆ ఫెర్రీలో చల్లగాలి లేదు, పాడూ లేదు. ఉక్కకి చచ్చిపోయామనుకో!"

ఇద్రుస్ ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. నుదుటి నిండా చెమట. చంకలో నిద్రపోతున్న మనవరాలు.

"చావలేదు, మక్‌చిక్," అన్నాడు. "చెమట పట్టిందంతే."