బదులికి మొహమాటం

గదిలో గోడంత తెర, పలుకుగోడ మీద నీలవేణి ఇంటర్వ్యూ జరుగుతోంది. నీలవేణి మాత్రం గోడకి వీపు పెట్టి బియ్యం కడుగుతోంది.

ఇంటర్వ్యూలకి మనుషులు వెళ్ళే రోజులు ఎప్పుడో పోయాయి. డిగ్రీ పట్టాతో పాటే ఇప్పుడు బదులి కూడా చేతికొస్తుంది. మనిషి చదువు, గొంతు, చిన్నప్పటి నుంచి ఇంట్లో ఆడిన మాటలు, అలవాట్లు అన్నీ కలిపి పోతపోసిన, మనిషికి బదులు గోడ మీద మాట్లాడే రూపం అది. కంపెనీ తరఫునా ఒక బదులి వస్తుంది. రెండూ కూర్చుని తేల్చేస్తాయి. మనిషైతే తడబడతాడు, లేనిపోని గొప్పలకు పోతాడు. బదులి ఉన్నది ఉన్నట్టు చూపిస్తుందని అందరి నమ్మకం. అవి మాట్లాడుకుంటుంటే వినడం మర్యాద కాదు కనుక గోడ గొంతు కట్టేసి ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. సాయంత్రానికి బదులి ‘కుదరలేదు’ అంటుంది. చదువు పూర్తయి ఏడాది కావస్తున్నా నీలవేణి వింటున్నది ఆ ఒక్క ముక్కే.

తుని నుంచి విశాఖ వచ్చాక ఆ అద్దె గదిలో మనిషి గొంతే కరువైంది. స్నేహితురాలు కుముద పుట్టినరోజుకి కూడా ఇద్దరి బదులులే పలకరించుకున్నాయి. “భలే నవ్వుకున్నాం” అని వచ్చి చెప్పింది బదులి. దేనికి నవ్వుకున్నారో అడగడానికి నీలవేణికి సిగ్గేసింది.

పట్టాతో వచ్చిన బదులికి ఏడాదే గడువు, అది ఈ నెలతో తీరిపోతుంది. తర్వాత ఏ కంపెనీ గోడా ఆమెను పిలవదు. ఇవాళ పిలిచిందేమో సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే సాగరధార సంస్థ. ఆమె చదివిందంతా ఆ పని కోసమే. ఆ కంగారులో గోడ గొంతు కట్టెయ్యడం మరిచిపోయింది.

“మీరు మాకు నచ్చారు. రేపు చేరతారా?” అంది కంపెనీ బదులి.

నీలవేణి చేతిలో గిన్నె ఆగిపోయింది.

“అయ్యో, నాకెందుకండీ! నాకంటే బాగా చేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళకివ్వండి,” అంది ఆమె బదులి, అచ్చం ఆమె గొంతుతోనే.

“సరే. నమస్కారం.”

గోడ ఖాళీ అయిపోయింది.

“నీ నోట మన్ను పడ! వద్దన్నావేంటే?” అని అరిచింది నీలవేణి.

“మొదటిసారి అడిగితే ఏమనాలో అదే అన్నాను. వాళ్ళు రెండోసారి అడగలేదు. ప్రతిసారీ ఇంతే,” అంది బదులి.

నీలవేణికి తనను పెంచిన పెద్దమ్మ మాట గుర్తొచ్చింది. “ఎవరింట్లో ఏం పెట్టినా టక్కున చెయ్యి చాపకే, మొహం వాచినట్టుంటుంది. వద్దండీ అను. బతిమాలాక తిను.” ఆ ఊళ్ళో వద్దంటే ప్లేటు వెనక్కి తీసుకెళ్ళిన ఇల్లాలు లేదు, “అదేం కుదర్దు” అంటూ ఇంకో గారె వేసేవారు. బదులిలో ఆ వద్దనడం పోతపోశారు సరే, ఆ బతిమాలేవాళ్ళని ఎక్కడ పోశారు?

బియ్యం అలాగే వదిలేసి బస్సెక్కింది. కావాలండీ, చేస్తానండీ అని దారంతా నోట్లోనే వల్లె వేసుకుంది.

సాగరధార ఆఫీసులో ఉన్నది ఒకే ఒక్క మనిషి. నియామకాలు చూసే కామేశ్వరి, తల నెరిసిన మనిషి, ఇందాక గోడ మీద చూసిన మొహాన్ని గుర్తుపట్టి ఉలిక్కిపడింది. “ఏటమ్మా, నువ్వే వచ్చీసేవేటి?”

“నా బదులి పొరపాటున వద్దందండీ.”

“అలాగా! పోనీ నిన్నే అడుగుతున్నాను. రేపు చేరతావా?”

ఎన్నాళ్ళకో ఒక మనిషి తన మొహంలోకి చూసి మెత్తగా అడిగింది. నీలవేణికి గుండె నిండిపోయింది. వల్లె వేసిందంతా ఎటో పోయి, నోరు దాని అలవాటున అది పలికేసింది. “మీకు ఇబ్బందైతే వద్దులెండి... ఇంకెవరికైనా ఇవ్వండి.”

“సరేనమ్మా,” అని కామేశ్వరి తన గోడ వైపు తిరిగిపోయింది. ఆవిడ మొహంలో కోపం లేదు, విసుగూ లేదు. ఏళ్ళ తరబడి బదులులతోనే మాట్లాడిన మనిషి, వద్దంటే వద్దనే అనుకుంది.

నీలవేణి గుమ్మం దాకా నడిచింది. ఈ గుమ్మం దాటితే మళ్ళీ ఆ గదీ, తన గొంతుతో మాట్లాడే ఆ గోడా. వెనక్కి తిరిగింది.

“అమ్మా, రెండోసారి అడగరాండీ?”

“ఏటీ?”

“మా ఊళ్ళో మొదటిసారి వద్దనే అంటామండీ. మీరు ఇంకోసారి అడగాలి.” ఏడుపు ఆగలేదు. “నాకు ఈ పని కావాలండీ.”

కామేశ్వరి గోడని వదిలి ఇటు తిరిగింది. “మాయమ్మా అంతే,” అంది. “కంచానికి చెయ్యి అడ్డెట్టినా వేళ్ళ మీద వడ్డించీసేది. నేనే మర్చిపోనాను.” లేచొచ్చి నీలవేణి చెయ్యి పట్టుకుంది. “రేపొచ్చీ. మరేటీ మాటాడకు, రావాలంతే!”

“వస్తానండీ.”

కామేశ్వరి ఖాళీ గోడ వైపు చూసింది. “ఇన్నేళ్ళలో ఈ గోడ మీద ఎంతమంది వద్దన్నారో! ఒక్కళ్ళనీ రెండోసారి అడగలేదే. అందరికీ నిజంగా వద్దే అనుకున్నాను.”

ఆవిడ చెయ్యి వదల్లేదు. నీలవేణీ విడిపించుకోలేదు.