మల్లేశం గొంతుకు నల్ల తీగ

“మైక్ సెట్ పని వచ్చా?” అన్నాడు చీఫ్.

“నేర్చుకుంటాను సర్,” అన్నాడు ఏజెంట్ అరవింద్.

“మధ్యాహ్నానికల్లా నేర్చుకో. కోరుట్లలో గల్ఫ్ బాధితుల సభ. కార్మికుల పాస్‌పోర్టులు లాక్కుని విదేశీ గూఢచారులకు అమ్మే దుబాయ్ ముఠా పేర్లు మల్లేశం అనే సాక్షి బయటపెడతాడు. అతని నోరు మూయించాలని వాళ్ళ ప్లాన్.”

సభ జరుగుతుంటే అరవింద్ లుంగీ కట్టుకుని స్టేజీ వెనక తిరుగుతున్నాడు. జేబులో పెన్ను. అది రాయదు, సోల్డరింగ్ చేస్తుంది.

నల్ల కళ్ళద్దాలతో రాధిక వచ్చింది. అందగత్తె, డబుల్ ఏజెంట్. ఆమె ఎవరి మనిషో ఆమెకైనా తెలుసా అని ఆఫీసులో జోకు.

“ఎండ మస్తుగుంది.”

“కల్లు సల్లగుంది.” కోడ్ కలిసింది.

“ఆంప్లిఫయర్ల బాంబుంది. సౌండ్ హద్దు దాటితే పేలుతది. కరెంట్ తీసినా, వాల్యూమ్ తిప్పినా గంతే.”

“ఇందాకటి నుంచి మాట్లాడుతూనే ఉన్నారుగా?”

“గాళ్లు మెల్లగ మాట్లాడిన్రు. మల్లేశం సిరిసిల్ల మనిషి.”

అరవింద్‌కు అర్థమైంది. మరమగ్గాల చప్పుడులో బతికినవాడు పక్కవాడితో కూడా అరిచే మాట్లాడతాడు. మగ్గాలు మూతపడి దుబాయ్ పోయినా గొంతు దిగలేదు. చెవులూ మందమే. గట్టిగా అరిచి ఆపుదామంటే ఆ అరుపూ మైకులోనే పడుతుంది.

మల్లేశం అప్పటికే మైకు ముందు గొంతు సవరించుకుంటున్నాడు.

మిగిలింది నెగటివ్ ఫీడ్‌బ్యాక్. బయటికి పోయే సౌండ్‌లో కొంత తిరగేసి లోపలికి పంపితే, ఆంప్లిఫయర్ తన జోరు తానే తగ్గించుకుంటుంది. తిరగేయకుండా పంపితే కూత పెడుతుంది. కూత పెడితే సభంతా బూడిదే. స్పీకర్ తీగలు రెండు, ఎర్రది, నల్లది; సౌండ్ తిరగబడి వచ్చేది ఒకదాంట్లోనే.

“ఏది?”

“నల్లది.”

“నిన్నెట్లా నమ్మను?”

రాధిక కళ్ళద్దాలు తీసి ఆంప్లిఫయర్ పక్కనే నేల మీద కూర్చుంది.

“మా అన్న దుబాయ్ నించి శవమై పెట్టెల అచ్చిండు. పాస్‌పోర్టు గీ ముఠా గుంజుకుంటే, బీమారైనా ఇంటికి రాలేకపోయిండు. నేనేడికీ పోను. కానియ్యి.”

అరవింద్ పెన్ను తీశాడు. రెసిస్టర్ ఒక కొసను నల్ల తీగకు, రెండో కొసను లోపలి సర్క్యూట్‌కు అతికించాడు. అదే క్షణంలో మల్లేశం అరిచాడు. ఆంప్లిఫయర్ మీటర్ ముల్లు ఎర్రగీత దాకా లేచి, ఆగి, వెనక్కి వాలింది. స్పీకర్లలో ఒక్కో పేరూ మెత్తగా, శుభ్రంగా వినపడింది. రోడ్డవతల జీపులో పేలుడు కోసం చెవులు మూసుకుని కూర్చున్న ఇద్దరిని మఫ్టీ పోలీసులు దించారు. రాధిక లేవలేదు, అక్కడే కూర్చుని ఏడ్చింది.

మల్లేశం భార్య రుక్కమ్మ స్టేజీ వెనక్కి వచ్చి, సంగతి తెలుసుకుని ఆ నల్ల తీగను చాలాసేపు చూసింది.

“సారూ, గిది మనిషికి సుత పెట్టొస్తదా?”