పార్కు గోడ ఎవరిది?

ఆదివారం పొద్దున పార్కులో కుర్చీలన్నీ నిండిపోయాయి. కెమెరాలు ఉంటే చాలా, కాపలా మనిషి కూడా కావాలా? కోల్‌కతాలోని ఆ పేటవాళ్లంతా ఈ సంగతి తేల్చుకోవాలని కూర్చున్నారు.

పదకొండేళ్ల ఝిమ్లి లేచి గడగడా చెప్పేసింది. "కెమెరా ఆవులించదు. టీ తాగడానికి వెళ్లదు. బెంచీలు విరగ్గొట్టేవాళ్లని ఇట్టే పట్టేస్తుంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలంతా కాకూ అని, అంటే బాబాయని, పిలిచే కాపలా హరాధన్ కూడా కొట్టాడు, పిచ్చి మారాజు! ఝిమ్లి నాన్న చిన్నప్పుడూ ఆ పార్కుకి ఆయనే కాపలా. సాయంత్రం ఆయన ఈల ఊదితేనే పిల్లలు ఇళ్లకు కదిలేవారు. పూలు కోసినవాడి చేత మొక్కలన్నిటికీ నీళ్లు పోయించి, ఆనక గుప్పెడు మరమరాలు పెట్టి పంపేవాడు. ఆ రోజులే వేరు.

పేట పెద్ద భవతోష్, పిల్లలందరికీ జేఠూ అంటే పెదనాన్న, కెమెరాకు కలిపిన టీవీ పెట్టాడు. "నిన్న కెమెరాలో పడింది చూడండి. మొన్ననే సున్నం వేయించిన గోడ!"

టీవీలో ఒక పిల్ల వీపు కనబడింది. నీలం రంగుతో గోడ మీద రాస్తోంది: 'ఈ గోడ మా ఫుట్‌బాల్ జట్టుది.'

ఝిమ్లి కుర్చీలో ముడుచుకుపోయింది. ఎన్నికలొస్తే పార్టీలవాళ్లు గోడలకు సున్నం కొట్టి పేరు రాసుకుంటారు. ముందు ఎవరు రాస్తే గోడ వాళ్లది. పార్కు గోడకూ అదే లెక్క అనుకుని రాసింది తను.

"అప్పుడు నువ్వేం చేస్తున్నావయ్యా హరాధన్? గుర్రుపెడుతున్నావా?" అన్నాడు జేఠూ.

కాకూ ఝిమ్లి వంక చూసి, చప్పున తల దించుకున్నాడు. నడక నేర్చిన నాటి నుంచి చూస్తున్న పిల్లను వీపు చూసి పోల్చుకోలేడా?

"కునుకు పట్టింది బాబూ. తప్పు నాదే."

"ఇంకేం! రేపటి నుంచి రానక్కర్లేదు," అన్నారెవరో.

ఝిమ్లి నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కాకూ మాత్రం వెళ్లిపోతాడు.

"జేఠూ, ఆ వీపు నాదే!" అని అరిచేసింది. "కాకూ నిద్రపోలేదు. మా జట్టు బుల్టుకి మోకాలు చీరుకుపోతే ఎత్తుకుని ఇంటికి దింపడానికెళ్లాడు. ఆయనే ఉంటే బ్రష్ ముంచనిచ్చేవాడా? కెమెరా నా నెత్తి మీదే ఉంది. వద్దే అని ఒక్క మాట అనలేదు!"

జేఠూ టీవీ కట్టేశాడు.

"కెమెరా ఉంటుంది," అన్నాడు. "హరాధనూ ఉంటాడు."

ఝిమ్లి అప్పటికే సున్నం బకెట్ కోసం పరిగెత్తింది. తన రాత మీద తనే పూత వేయడం మొదలుపెట్టింది. కాకూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అడ్డంగా కాదమ్మా, నిలువుగా వెయ్యి," అన్నాడు.